ఊరికే నడిస్తే ఊరుకోరేం?

"యాడికి వోతున్రు అక్కా?"

సాయంత్రం ఆరున్నరయింది. మేం గేటు తీసుకుని బయటికి వచ్చామో లేదో, ఎదురింటావిడ వేసిన ప్రశ్న ఇది. మేం అంటే నలుగురం. నేనూ, మా శ్రీవారూ, పదో తరగతి చదివే మా అమ్మాయీ, గద్వాల నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మా అమ్మా.

"ఊరికే" అన్నాను.

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికేనే. అట్లా కాస్త దూరం నడిచొద్దామని."

ఆవిడ మా నలుగురి మొహాలూ వరసగా చూసింది. ఆసుపత్రికా, పంచాయితీకా, పెళ్ళిచూపులకా అన్న మూడు అనుమానాలూ ఆ మొహంలో ఒకదాని వెనక ఒకటి వచ్చి పోవడం నేను కళ్ళారా చూశాను. వీధి మలుపు తిరిగేలోగా మా వారి స్నేహితుడొకాయన స్కూటరు ఆపి, "ఏం సార్, కారు ఖరాబైందా? ఎక్కుండ్రి, దింపేస్త" అన్నాడు. నలుగురిని ఒక్క స్కూటరు మీద ఎట్లా దింపుతాడో ఆయనకే తెలియాలి. మర్నాడు ఆఫీసులో ఇంకొకాయన గొంతు తగ్గించి, "కారు అమ్మేసిన్రంట గదా, ఏం ఇబ్బందొచ్చింది?" అని పరామర్శించాడట!

చూశారా! మా వనపర్తిలో ఒక సంసారం ఓ సాయంత్రం పూట పని లేకుండా, రోగం లేకుండా, మొక్కు లేకుండా కలిసి నడిస్తే ఎంత గొడవో!

నాకు ఎదురింటావిడ మీద కోపమేమీ లేదు. మంచి మనిషి. చక్కెర అడిగితే కాఫీపొడి కూడా ఇచ్చి పంపే రకం. నా తగాదా అంతా ఆవిడ నోట వచ్చిన ఆ ప్రశ్నతో. ఆడది గడప దాటితే "యాడికి?" అని అడిగే హక్కు వీధి వీధంతటికీ ఉంది. దానికి "ఊరికే" అని జవాబు చెప్పే హక్కు మాత్రం ఆడదానికి లేదు. ఈ అన్యాయం గురించే ఇవాళ నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను.

షికారు అని మనకో చక్కని మాట ఉంది. ఫారసీలో దాని అర్థం వేట. తుపాకీ భుజాన వేసుకుని అడవికి పోయే ఆ మాట చేతిలోంచి తుపాకీ లాక్కుని, చల్లగాలికి తిరిగి రమ్మని పంపించారు మన తెలుగువాళ్ళు. ఒక మాటని ఇంత ముచ్చటగా మచ్చిక చేసుకున్నవాళ్ళం, దాన్ని మగవాళ్ళకే ఎందుకు అట్టే పెట్టామో నాకు అర్థం కాదు. "ఆయన షికారుకు వెళ్ళాడు" అంటే పెద్దమనిషి అని. "ఆవిడ షికార్లు కొడుతోంది" అంటే? ఇక చెప్పనక్కర్లేదు కదా!

పైగా దీనికి తోడు ఒక సామెత. తిరిగి ఆడది చెడిందట, తిరగక మగవాడు చెడ్డాడట. ఈ సామెత కట్టినవాడెవడో గానీ, పాలమూరు ఆడవాళ్ళని చూసి ఉండడు. కడవ నెత్తిన పెట్టుకుని బావికి నడిచింది వాళ్ళే. పొద్దున్నే సద్దిమూట కట్టుకుని కూలికి నడిచింది వాళ్ళే. కరువొస్తే చంటిపిల్లని చంకనేసుకుని, మొగుడి వెంట ఎక్కడెక్కడి పనులకో వలస నడిచిందీ వాళ్ళే. అంత తిరిగినప్పుడు చెడని ఆడది, అరగంట చెరువు కట్ట మీద తిరిగితే చెడుతుందా?

అసలు సంగతేమిటంటే, మన ఊళ్ళలో ఆడది నడవడానికి మూడే మూడు లైసెన్సులు ఉన్నాయి. ఒకటి పని. రెండోది దేవుడు. మూడోది రోగం. నెత్తిన బరువు పెట్టుకుని నాలుగు మైళ్ళు నడిస్తే ఎవరూ ఏమీ అనరు. ఆంజనేయస్వామి గుడి చుట్టూ 108 ప్రదక్షిణాలు చేస్తే దణ్ణం పెడతారు. అవే అడుగులు చేతులూపుకుంటూ చెరువు కట్ట మీద వేస్తే మాత్రం, "ఆమెకు ఇంట్ల పనిలేదా?" అంటారు. అడుగులు అవే, కాళ్ళు అవే. లెక్క మాత్రం వేరు.

మూడో లైసెన్సు మా అమ్మకు ఈ మధ్యనే దొరికింది. అది చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

నేను పుట్టి పెరిగింది గద్వాల. సోమనాద్రి కట్టిన కోట ఊరి నడిబొడ్డున ఉంటుంది. ఆ కోటలోనే చెన్నకేశవస్వామి గుడి, ఆ కోటలోనే మా కాలేజీ. నేను బి.ఏ. చదివింది అక్కడే. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు పెట్టారు దానికి. సంస్థానం చివరి రోజుల్లో ఆవిడే గద్వాలను ఏలింది. ఒక ఆడమనిషి ఏలిన ఊరు సుమండీ మాది!

మా నాయన బడిపంతులు. రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చి, మొహం కడుక్కుని, చొక్కా మార్చి, స్నేహితులతో షికారుకు బయల్దేరేవాడు. కోట చుట్టూ తిరిగి, లోకంలోని రాజకీయాలన్నీ చక్కబెట్టి, ఎనిమిదింటికి ఇంటికి వచ్చేవాడు. అప్పటికి అమ్మ రొట్టెలు చేసి ఉంచేది. అమ్మ నడక వేరు. మంగళవారం నాడు ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో ఊరి పక్కన జమ్మిచేడు జములమ్మ దగ్గరికి. అంతే. దేవుడి లైసెన్సు, వారానికి ఒక్కసారి.

ఇద్దరూ కలిసి నడిచేది ఏ పెళ్ళికో, పేరంటానికో పోయినప్పుడు. కలిసి అన్నానా? తప్పు. నాయన పది అడుగులు ముందు, అమ్మ పది అడుగులు వెనక. మధ్యలో నేను, పోస్టుమాన్ లాగా. "నాయనా, అమ్మ కొంచెం మెల్లగ నడువమంటుంది" అని అటు ఉరికేదాన్ని. "అమ్మా, నాయన జల్ది రమ్మంటుండు" అని ఇటు ఉరికేదాన్ని. మా నాయన చెడ్డవాడు కాడు. అమ్మని ఒక్కనాడు పల్లెత్తు మాట అని ఎరగడు. పెళ్ళాం పక్కన నడిస్తే నలుగురూ నవ్వుతారని ఆయనకు ఎవరో చిన్నప్పుడే చెప్పేశారు, అంతే.

నాయన పోయి ఆరేళ్ళయింది. పోయిన ఏడాది అమ్మకు షుగరు బయటపడింది. డాక్టరు చీటీ మీద మందులు రాసి, అడుగున "రోజూ 40 నిమిషాలు నడక" అని రాశాడు. అమ్మ ఆ చీటీని భద్రంగా మడిచి కొంగున ముడేసుకుంది. ఇక ఎవరు "యాడికి?" అన్నా, "డాక్టరు నడువమన్నడు" అని జవాబు. ఆ మాట వినగానే అందరూ గౌరవంగా తప్పుకుని దారి ఇస్తారు. నెల రోజులు అట్లా నడిచాక ఒకనాడు కట్ట మీద కూర్చుని, చెరువు కేసి చూస్తూ అంది కదా:

"ఈ చీటీ ఏదో పెండ్లైన కొత్తల రాసిచ్చింటే బాగుండు బిడ్డా. మీ నాయిన పక్కన నడిచేదాన్ని."

నేను నవలలు రాస్తానని నలుగురూ అంటారు. ఆ మాటకు జవాబు రాయడం ఇప్పటికీ నా చేతకాలేదు.

అగ్నిసాక్షిగా కొంగులు ముడివేసి, వేలు పట్టించి, ఏడడుగులు నడిపిస్తారు కదండీ మన పెళ్ళిళ్ళలో. ఏడో అడుగుతో సఖ్యం కుదిరిందంటారు. బాగుంది. మరి ఎనిమిదో అడుగు ఎక్కడ? పెళ్ళిపందిట్లో పక్కపక్కన నడిచిన మనిషి, పందిరి దాటగానే పది అడుగులు ముందుకు పోయాడే! ఆ ఏడడుగులకీ ఫొటోలు తీయించుకుని గోడకు తగిలించుకుంటున్నాం గానీ, ఎనిమిదో అడుగు గురించి అడిగిన పాపాన పోయామా?

"అవన్నీ పాతకాలం మాటలు, ఇప్పుడు అందరూ వాకింగులు చేస్తున్నారు" అంటారేమో. చేస్తున్నారు, కాదనను. 2015లో మిషన్ కాకతీయ మొదలైనాక ఊరి చెరువులకు మినీ ట్యాంక్‌బండ్ అన్న హోదా వచ్చింది. మా వనపర్తి నల్లచెరువుకూ, మా అక్క ఉండే నాగర్‌కర్నూల్లో కేసరి సముద్రానికీ ఆ యోగం పట్టింది. చెరువు కట్ట అంటే మనకు కొత్తేమీ కాదు. వనపర్తి సంస్థానాధీశులు తవ్వించిన పెద్ద చెరువులకు సప్తసముద్రాలని పేరు. ఉప్పునీటి సముద్రం మొహం చూడని మెట్టనేల వాళ్ళు, చెరువునే సముద్రమని పిలుచుకుని మురిసిపోయారన్నమాట. శ్రీరంగాపురంలో రంగసముద్రం ఒడ్డున, రంగనాయకస్వామి గుడి పక్కన, పొద్దుగూకేవేళ ఓ పావుగంట నడిచి చూడండి. ఆ పేరు పెట్టినవాళ్ళు ఏమీ అతిశయోక్తి చెప్పలేదని మీరే అంటారు.

కాబట్టి కట్టలు ఉన్నాయి. చల్లగాలి ఉంది. అయితే ఆ కట్ట దాకా పోవడం ఎట్లా? అక్కడుంది చిక్కు. మా బంధువుల్లో ఒకావిడ ఉంది. ఊరి పేరు చెప్పను, ఏ ఊరివాళ్ళు చదివినా తమ ఊరే అనుకుంటారు కాబట్టి చెప్పనక్కర్లేదు కూడా. ఆవిడ ఇంటికీ చెరువు కట్టకీ మధ్య పదిహేను నిమిషాల నడక. ఆ పదిహేను నిమిషాలూ కాలిబాట లేదు. ఉన్నచోట దాని మీద ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన టిఫిను బండి, ఆ పక్కన అడ్డంగా నిలిపిన మోటారు సైకిళ్ళు. రోడ్డు దిగితే మోరీ, రోడ్డెక్కితే లారీ. అందుకని ఆవిడ స్కూటరు వేసుకుని కట్ట దాకా పోయి, అక్కడ నిలిపి, నడిచి, మళ్ళీ స్కూటరెక్కి ఇంటికి వస్తుంది. నడవడానికి బండెక్కి పోవడం! మన తాతలు వింటే మతులు పోయాయా అంటారు.

ఇది నవ్వి ఊరుకునే సంగతి కాదు. 2022వ సంవత్సరం ఒక్కదాంట్లో మన దేశపు రోడ్ల మీద ప్రమాదాల్లో పోయిన పాదచారులు 32,825 మంది. ఇది కేంద్ర ప్రభుత్వం అచ్చేసిన లెక్కే. రోడ్లెట్లా వేయాలో చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు వారు కాలిబాట అడ్డంకుల్లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని 2012లోనే పుస్తకంలో రాసి పెట్టారు. 1.8 మీటర్లంటే ఎంతో తెలుసా? ఆలుమగలు పక్కపక్కన, పిల్ల చెయ్యి పట్టుకుని నడిచేంత. కాగితం మీద మా అమ్మ కోరిక తీరే ఉందన్నమాట! 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా చెప్పింది. పాదచారికి కాలిబాట ఉండటం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది. అంటే నేను అడుగుతున్నది దానమూ కాదు, ధర్మమూ కాదు.

2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ ఒకేరోజు జిల్లా కేంద్రాలైనాయి. సంతోషం. జిల్లా ఆఫీసులు వచ్చాయి, కొత్త రోడ్లు వచ్చాయి, ఆ రోడ్ల నిండా బళ్ళు వచ్చాయి. మనిషి నడిచే జాగా మాత్రం ఎవరికీ జ్ఞాపకం రాలేదు. పెద్ద పట్నంలో అయితే పార్కు ముందు కార్లు బారులు తీర్చి, లోపలికి పోయి నడుస్తారు. మనం ఆ అందం కూడా నేర్చుకోవాలా? ఊరంతా కలిపి గంటలో చుట్టి రాగల ఊళ్ళండీ ఇవి! నడకకు వీటికన్నా అనువైన ఊళ్ళు ఎక్కడ దొరుకుతాయి?

ఇక నాకు తరచూ వచ్చే అభ్యంతరాలకు ఇక్కడే జవాబు చెప్పేస్తాను.

"పాలమూరు ఎండల్లో షికారేమిటి?" ఎండ నిజమే. మా ఊళ్ళలో కూడా సూర్యుడు అస్తమిస్తాడని మాత్రం మనవి. రోహిణికార్తెలో అయినా సాయంత్రం నీళ్ళ మీది నుంచి వచ్చే గాలికి కిరాయి లేదు.

"మేం ఏడాదికోసారి తీసుకెళ్తున్నాం కదా!" ఇది మగవారి మాట. వెళ్ళండి, నేను వద్దన్నానా? కృష్ణకు వరదొచ్చినప్పుడు జూరాల గేట్లు చూడాల్సిందే, అక్కడి చేపలు తినాల్సిందే. సోమశిలలో పడవెక్కాల్సిందే. మోకాళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళు కిల్లా ఘన్‌పూర్ కొండకోట ఎక్కాల్సిందే. కానీ అందులో ఆడదానికి విశ్రాంతి ఎంత? తెల్లవారుజామున లేచి పులిహోర కలిపేది ఆవిడే, సాయంత్రం వచ్చి గిన్నెలు తోమేదీ ఆవిడే. ఏడాదికొక పిక్నిక్కు, రోజూ అరగంట షికారుకు బదులు కాదు. షికారుకు పులిహోర అక్కర్లేదు. చెప్పులుంటే చాలు.

"ఆడవాళ్ళకు తీరిక ఏదీ?" ఇది నిజమైన ప్రశ్న. మన కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు. మగవాళ్ళు 88. ఆరోగ్యానికి పెద్దవాళ్ళు కనీసం ఇంత ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది వారం మొత్తానికి 150 నిమిషాలు. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే తీరిక ఎక్కడ పోయిందో తెలుస్తుంది. శ్రీవారు రాత్రి గిన్నెలు ఓ పక్కన సర్దితే, ఆ అరగంట ఎక్కడి నుంచో రానక్కర్లేదు. వంటింట్లోంచే నడిచి వస్తుంది.

"కుక్కలు, పోకిరీ కుర్రాళ్ళు, చీకటి!" ఒప్పుకుంటాను. ఒంటరి ఆడపిల్లకు భయమే. అందుకే కదా అందరం కలిసి నడుద్దామంటున్నది? పది సంసారాలు నడిచే కట్ట మీద పోకిరీ తలొంచుకుని పోతాడు. జనం నడవని దారే చీకటి దారి. ఇటలీ ఊళ్ళలో పొద్దుగూకగానే ముసలీ ముతకా పిల్లా జెల్లా అంతా మంచి బట్టలు కట్టుకుని వీధిలోకి వచ్చి, పని లేకుండా అటూ ఇటూ నడుస్తారు. పస్సెజ్జాత అని దానికో పేరు కూడా ఉంది. అక్కడ సాయంత్రం వీధిలోకి రానివాళ్ళని చూసి, ఒంట్లో బాగాలేదా అనుకుంటారట. మనకు సరిగ్గా తిరగేసిన లోకం!

ఇంతకీ కలిసి నడిస్తే ఒరిగేదేమిటి అంటారా? మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా అమ్మాయిని ఇంటర్లో ఎంపీసీలో చేర్చి, హైదరాబాదులో హాస్టల్లో పెట్టాలని మా వారి పట్టుదల. ఇంట్లో ఆ మాట ఎత్తితే పిల్ల తలొంచుకుని కూర్చునేది. ఊఁ అనదు, ఉహూఁ అనదు. ఒకనాడు కట్ట మీద, దీపాలు ఇంకా వెలగని వేళ, నాన్న పక్కన నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి అంది: "నాన్నా, నాకు లెక్కలంటే భయం. హాస్టలంటే ఇంకా భయం. నేను ఇక్కడే ఉండి అమ్మలాగా ఆర్ట్సు చదువుకుంటా."

ఇంట్లో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు తండ్రి మొహం చూసి పిల్ల నోరు కట్టుబడిపోయేది. నడిచేటప్పుడు ఇద్దరి చూపూ దారి మీదే కదా! మా వారు ఆ చివరి దాకా ఏమీ మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, "హిస్టరీలో ఎన్నొచ్చినయి?" అని అడిగారు. సంగతి ఇంకా తేలలేదు. కానీ ఆ ప్రశ్న మా ఇంట్లో అంతకుముందు ఎవరూ అడగలేదు.

మా గద్వాల జిల్లాలో 1896లో పుట్టి, 1952లో మా వనపర్తి నుంచే శాసనసభకు గెలిచిన సురవరం ప్రతాపరెడ్డిగారు, రాజుల కథలు పక్కనపెట్టి మామూలు జనం తిండీ, బట్టా, ఆటా పాటా వెతికి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమతి దానికే వచ్చింది. రేపు అటువంటి మహానుభావుడు మరొకరు పుట్టి మన కాలపు చరిత్ర రాస్తే, "ఈ కాలపు స్త్రీలు పనికీ, గుడికీ, డాక్టరు చీటీకీ తప్ప నడిచి ఎరగరు" అని రాయించుకుందామా?

అందుకే నా కోరికలు మూడే. ఊళ్ళను ఏలేవాళ్ళు కట్టలకు రంగులు వేయడం కాస్త ఆపి, ఇంటి నుంచి కట్ట దాకా కాలిబాట ఇవ్వండి. మగమహారాజులు ఆ పది అడుగులూ వెనక్కి వచ్చి, పక్కన నడవండి. ఆడవాళ్ళు చీటీ కోసం చూడకండి. "యాడికి?" అంటే మొహమాటపడకుండా "ఊరికే" అనండి. నాలుగు రోజులు వింతగా ఉంటుంది. ఐదో రోజు అలవాటైపోతుంది.

మొన్న మళ్ళీ బయల్దేరాం. ఎదురింటావిడ గేటు దగ్గరే ఉంది. "యాడికి పెద్దమ్మా? డాక్టరు నడువమన్నడని పోతున్రా?" అని ఈసారి మా అమ్మనే అడిగింది. అమ్మ చెయ్యి అలవాటుగా కొంగు ముడి మీదికి పోయింది. మళ్ళీ ఏమనుకుందో, కొంగు వదిలేసి అంది:

"ఊరికే పోతున్నం. నువ్వూ రారాదూ?"

ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. తలుపేసుకుందనుకున్నాను. చెప్పులేసుకుని వచ్చింది.